నాలుగు బళ్ళ చెంగమ్మ

కొత్తగా టీచరుద్యోగం వచ్చిన మా చెల్లెలి కూతురు మొన్న ఇంటికొచ్చి, ఫోనులో రికార్డు నొక్కి నా ముందు పెట్టి, "పెద్దమ్మా, ఇన్నేళ్ళు చేసినావు గదా, నాలుగు మంచి మాటలు చెప్పు" అంది. మంచి మాటలు కావాలంటే ప్రతి బడి గోడ మీదా రంగుల్లో రాసి ఉంటాయి, పోయి చదువుకోమన్నాను. నా దగ్గర ఉన్నవి జరిగిన సంగతులు. ఫోనుతో మాట్లాడటం నాకు చేతకాదు కాబట్టి వాటిలో ఒకటి రాస్తున్నాను.

నేను నెల్లూరికి తూర్పున, సముద్రపు గాలికి తలుపు గొళ్ళేలు తుప్పు పట్టే ఊళ్ళలో, చిన్న బళ్ళలో ఒకటి నుంచి అయిదు దాకా అన్ని పాఠాలూ చెప్పాను. ఒక పక్క వరి, ఒక పక్క రొయ్యల గుంటలు, ఆ అవతల సముద్రం. ప్రమోషన్లు, బదిలీల గొడవ ఇక్కడ ఎత్తను. ఆ విషయంలో అందరికీ అన్యాయమే జరిగింది, ఎవరినైనా అడగండి.

సమోసాల సమావేశం

స్కూలు కాంప్లెక్స్ అని ఒకటుంది. పేరు విని పెద్ద మేడ అనుకునేరు. ఒక హైస్కూలు, దాని చుట్టుపక్కల ఊళ్ళలోని చిన్న బళ్ళు, అన్నీ కలిపి ఒక గుంపు. నెలకొకసారి ఆ టీచర్లందరం హైస్కూల్లో కూర్చుని, పిల్లల చదువు బాగుపడాలంటే ఏం చేయాలో మాట్లాడుకోవాలి. ఎవరు పెట్టారో గానీ మంచి ఉద్దేశంతోనే పెట్టారు. దాన్ని సమోసాలపాలు చేసింది మేమే.

పొద్దున్నే హాజరు కోసం ఫోనుకు మొహం చూపించాలి. సిగ్నలు ఉండదు. కాబట్టి ఇంతమంది పెద్దవాళ్ళం నీళ్ళ ట్యాంకు మెట్ల మీద ఎక్కి, ఫోన్లు ఆకాశానికెత్తి నిలబడేవాళ్ళం. తర్వాత బ్యానరు కట్టడం. ఆ తర్వాత మాదిరి పాఠం. అంటే ఒక టీచరు పిల్లలకు పాఠం చెప్తుంటే మిగిలినవాళ్ళం చూసి నేర్చుకోవాలి. ఆ పాఠం కోసం హైస్కూలు పక్క బడిలో చురుకైన పిల్లలను ఏరి, వారం ముందు నుంచి తోమి పెట్టేవాళ్ళు. ఒకసారి ఒక పిల్లవాడు టీచరు ప్రశ్న అడగకముందే జవాబు చెప్పేశాడు. "ఇంకా అడగలేదురా" అని టీచరు పళ్ళు నూరింది. మేమంతా చప్పట్లు కొట్టాం.

పాఠం అయ్యాక "చాలా బాగుంది" అని అందరం అనాలి. నాకేం అర్థం కాలేదని ఒక్కరూ అన్న పాపాన పోలేదు. వచ్చే నెల పాఠం చెప్పే వంతు తనదే కావచ్చని ప్రతివాళ్ళకూ తెలుసు. ఆపైన సమోసా, టీ, బస్సు.

మా కాంప్లెక్స్ పెద్ద సుబ్రహ్మణ్యం గారు, హైస్కూలు హెడ్మాస్టరు. చెడ్డవాడు కాదు. ఎవరికైనా ఒంట్లో బాగాలేదంటే సెలవు ఇచ్చి, ఇంటికి ఫోను చేసి కనుక్కునే మనిషి. కానీ ఆయనకు పైనుంచి వచ్చే ఫోనంటే ప్రాణభయం. ఫొటోలో బ్యానరు కనపడితే పిల్లలకు చదువు వచ్చినట్టే అని ఆయన నమ్మకం. "శకుంతలమ్మా, కొంచెం నవ్వమ్మా, ఫొటోలో కోపంగా కనపడతా ఉండావు" అని ప్రతి నెలా అనేవాడు. నా మొహమే అంత సార్ అని ప్రతి నెలా చెప్పేదాన్ని.

ముందు టీచరు

ఒక ఏడు దసరా సెలవులయ్యాక చెంగమ్మ మా బడికి వచ్చింది. క్లాసు నిండా హర్షితలు, లోహితలు ఉంటే మధ్యలో ఈ చెంగమ్మ. సూళ్ళూరుపేట అమ్మవారికి వాళ్ళ అవ్వ మొక్కుకుంటే పుట్టిందని ఆ తల్లి పేరే పెట్టారట. మూడో తరగతి. తెలుగు పుస్తకం చేతికిస్తే మొదటి పాఠం గడగడా చదివింది. రెండోదీ అంతే. పుస్తకం మధ్యలో తెరిచి ఇస్తే గమ్మునైపోయింది. ఎంత అడిగినా నోరు విప్పలేదు. చివరికి నన్ను సంతోషపెట్టడానికేమో, పుస్తకం మూసి మొదటి పాఠం మళ్ళీ అప్పజెప్పింది.

నాకు ఒళ్ళు మండింది. ముందు టీచరు ఏమీ చెప్పలేదని తేల్చేసి, ఆ పిల్లను పక్కన కూర్చోబెట్టి మొదటి పాఠం నుంచి మొదలుపెట్టాను. ఇంతకీ ఎవరా మహానుభావుడని అడిగితే "పెంచలయ్య సార్" అంది.

పెంచలయ్య పక్క ఊరి బడిలో టీచరు. నాకంటే కొంచెం చిన్న. సమావేశంలో నా పక్కనే కూర్చుని, నా సమోసా కూడా తినే మనిషి. తర్వాతి నెల సమావేశంలో పట్టుకున్నాను.

"ఏందయ్యా, ఆ పిల్లకి ఏం చెప్పినావు నువ్వు?"

"నన్నంటావేందక్కా? నా దగ్గరికి వచ్చినప్పుడు ఆ పిల్లకి ఏమీ రాదు. ముందు టీచరు ఏం చెప్పలా. నేనే మొదటి పాఠం నుంచి మొదలుపెట్టినా."

"ఎవురు ఆ ముందు టీచరు?"

"అదో, ఆ కొత్తమ్మాయి."

ఆ కొత్తమ్మాయి సుభాషిణి. నెల్లూరు టౌను పిల్ల, స్కూటీ మీద వచ్చి పోయేది, మా కాంప్లెక్స్‌లోనే ఇంకో ఊరి బడిలో ఆమెకు మొదటి ఉద్యోగం. పిలిచి అడిగితే కళ్ళలో నీళ్ళు తిప్పుకుంది. "నా దగ్గరికి వచ్చినప్పుడు కూడా ఆ పాపకి ఏమీ రాదు మేడం. ముందు బళ్ళో ఏం చెప్పలేదనుకుని నేను ఫస్ట్ నుంచి స్టార్ట్ చేశాను."

ముగ్గురం మొదటి పాఠం బ్రహ్మాండంగా చెప్పాం. అది మాత్రం ఆ పిల్లకు నిద్రలో కూడా వస్తుంది.

సంగతేమిటంటే, చెంగమ్మ తండ్రి శీనయ్య రొయ్యల గుంటలకు కాపలా మనిషి. పులికాట్ వైపు చేపలు పట్టే కుటుంబం. సరస్సులో గిట్టుబాటు కాక గుంటల మీదికి వచ్చారు. గట్టు మీద గుడిసె, మేత వేయడం, కొంగల్ని తోలడం, నీళ్ళను చిలికే మోటార్లు రాత్రీ పగలూ చూసుకోవడం. రొయ్యల పంట నాలుగు నెలలకు అటూ ఇటూగా అయిపోతుంది. పట్టుబడి అయ్యాక యజమాని మళ్ళీ గుంటలో రొయ్య పిల్ల వేస్తే సరే, లేకపోతే గిన్నెలు మూట కట్టుకుని ఇంకొకరి గుంటకు. గుంట మారితే ఊరు మారుతుంది, ఊరు మారితే బడి. ప్రతి బళ్ళోనూ నాలాంటి ఒక తెలివైనామె మొదటి పాఠం తెరుస్తుంది.

ఆ పిల్ల తల్లి పోలమ్మ ఒకరోజు మధ్యాహ్నం బడికి వచ్చి వరండాలో నిలబడింది. లోపలికి రమ్మంటే రాలేదు, కాళ్ళకు బురద ఉందని.

"గురుకులం అని ఉండాదంట గదా మేడం. వచ్చే ఏడు పరీక్ష రాస్తే, అయిదో తరగతి నుంచి ఆడ్నే పెట్టుకుని చదివిస్తారంట. మాతో తిరగాల్సిన పన్లేదంట. ఎట్టాగైనా రాయించండి మేడం."

"వాళ్ళ నాయన ఏమంటాడు?"

"నాలుగుతో మానిపిచ్చేస్తా అంటుండాడు. చిన్నోడిని చూసుకునేదానికి, మేత వేసేదానికి మనిషి కావాలంట. సీటొస్తే మాత్రం పంపిస్తా అన్నాడు, నాకు మాటిచ్చినాడు. ఇదొక్కటైనా ఒక్కచోట నిలబడాల మేడం. మేం యాడా నిలబడలేం."

అదండీ సంగతి. సీటొస్తే చదువు, రాకపోతే గట్టు.

ఏ జవాబు కావాల?

తర్వాతి సమావేశంలో మేం ముగ్గురం ఒక ఒప్పందం చేసుకున్నాం. ఈ పిల్ల ఏ బడికి పోయినా మొదటి పాఠం ముట్టుకోకూడదు. ముందు టీచరు తర్వాతి టీచరుకు ఫోను చేసి, ఎక్కడిదాకా వచ్చిందో చెప్పాలి. అక్కడి నుంచి పట్టుకోవాలి. ఇంత చిన్న సంగతి ఇన్నేళ్ళ సమావేశాల్లో ఎవరికీ తట్టలేదంటే మీకు నమ్మకం కలగదు. సమోసాల మీద ఒట్టు, తట్టలేదు.

సుబ్రహ్మణ్యం గారికి చెప్తే, "దీనికి ఉత్తర్వు ఉండాదా?" అన్నాడు.

"లేదు సార్."

"ఫొటో తీసుకోవచ్చా?"

"ఎన్ని కావాలంటే అన్ని తీసుకోండి సార్."

ఆ ఎండాకాలం, మేం అనుకున్నట్టే, శీనయ్య మారాడు, పెంచలయ్య ఊరి గుంటలకు. నేను ఫోను చేశాను. "భాగహారం మొదలుపెట్టినా. మళ్ళీ మొదటికి పోయినావంటే నీకు సమోసా బంద్." సరేనన్నాడు. దీపావళి తర్వాత శీనయ్య సుభాషిణి ఊరికి మారాడు. పెంచలయ్య ఆమెకు ఫోను చేశాడు. అంతా చక్కగా జరుగుతోందని ముగ్గురం మా భుజాలు మేమే తట్టుకున్నాం.

ఒక నెల గడిచిందో లేదో సుభాషిణి పలక ఒకటి సమావేశానికి పట్టుకొచ్చింది. దాని మీద చెంగమ్మ చేసిన భాగహారం లెక్క ఉంది. లెక్క పైన ఒక జవాబు రాసింది. కుడి పక్కన ఇంకొకటి రాసింది. కింద గుండ్రాలు గీసి, వాటిలో చుక్కలు పెట్టింది. పైన ఉన్నదీ తప్పే, పక్కన ఉన్నదీ తప్పే. చుక్కల సంగతి దేవుడికే తెలియాలి.

"ఇదేంటమ్మా, రెండు జవాబులు రాశావని అడిగాను మేడం" అంది సుభాషిణి. "పక్కన ఉండేది శకుంతల మేడంది, గుండ్రాలు పెంచలయ్య సార్‌వి, పైన ఉండేది మీది అంది. 'మీకు ఏ జవాబు కావాల మేడం?' అని నన్నే అడిగింది."

జరిగిందిది. నేను చెప్పింది పాత పద్ధతి, జవాబును కుడి పక్కన రాయడం. మా అయ్యోరు నాకు అట్లాగే నేర్పాడు. పెంచలయ్య చింతపిక్కలు పంచి చెప్పేవాడు. సుభాషిణి ఇప్పటి పుస్తకంలో ఉన్నట్టు జవాబు పైన రాయించేది. ఎక్కడిదాకా వచ్చిందో చెప్పుకున్నాం గానీ, ఎట్లా చెప్పామో ఒకరినొకరం అడగలేదు. ఆ పిల్ల మర్యాదస్తురాలు. ఎవరి మనసూ నొప్పించకుండా ముగ్గురికీ మూడు రకాలుగా చేసిపెట్టింది.

తలుపు వేసుకుని

ఆ రోజు మాదిరి పాఠం జరగలేదు. మాట మాట పెరిగి, హైస్కూలు పిల్లలు కిటికీల దగ్గరికి చేరితే, సుబ్రహ్మణ్యం గారే లేచి తలుపు వేశాడు.

"పక్కన రాసేదే పద్ధతి" అన్నాను. "నా దగ్గర చదివినోళ్ళు ఎంతమంది బ్యాంకుల్లో ఉండారో తెలుసా?"

"బ్యాంకుల్లో మిషన్లు ఉండాయక్కా, లెక్కలు అవే చేస్తాయి" అన్నాడు పెంచలయ్య. "చింతపిక్కలు చేత్తో పంచితేనే పిలకాయల బుర్రకెక్కుతుంది."

"పరీక్షలో చింతపిక్కలు ఎత్తుకుపోతుందా నీ శిష్యురాలు?"

"పరీక్షలో నాలుగు జవాబులిచ్చి గుర్తు పెట్టమంటారంట గదా. యాడ రాస్తే ఏంది?"

"లెక్కే రాకపోతే దేనికి పెడతాది గుర్తు? చేపకా, రొయ్యకా?"

మిగతా టీచర్లలో సగం మంది నా వైపు, సగం మంది చోద్యం చూస్తూ. అంతసేపూ మాట్లాడని సుభాషిణి లేచి నిలబడింది. "మేడం, మీ పద్ధతి తప్పని నేను అనట్లేదు. కానీ రేపు ఆ పాప ఇంకో ఊరికి పోతుంది. అక్కడ మీరుండరు, సార్ ఉండరు, నేనుండను. పుస్తకం ఒక్కటే ఉంటుంది. పుస్తకంలో జవాబు పైన ఉంది."

నిన్నగాక మొన్న వచ్చిన పిల్ల సీనియర్‌నైన నన్ను పట్టుకుని అంతమందిలో అంత మాట అనేసరికి మొహం కందిపోయింది. కానీ ఆమె చెప్పిందాంట్లో ఎక్కడా పట్టుకోవడానికి సందు దొరకలేదు. "సరే, పైనే రాయండి" అన్నాను. ముందు చింతపిక్కలతో పంచి చూపించడం, తర్వాత పుస్తకం ప్రకారం పైన రాయడం, ఇదీ తీర్పు. జవాబు పక్కన రాస్తేనే లెక్క చూడముచ్చటగా ఉంటుందని నేను ఇప్పటికీ అంటాను. అడిగేవాళ్ళు లేరు.

ఉద్యోగంలోకి వస్తున్న మీకు ఒకటి చెప్తాను, నచ్చకపోతే వదిలేయండి. కలిసి పనిచేయాలంటే ముందు పోట్లాడాలి. "చాలా బాగుంది" అనుకున్నన్నాళ్ళూ మేం ఎవరికీ ఏ మేలూ చేయలేదు. ఆ తలుపు మూసిన రోజు తర్వాత సమావేశం రంగే మారిపోయింది. ఒకాయన లేచి, భిన్నాలు చెప్పాలంటే తనకు చెమటలు పడతాయని, అందుకే ఏటా ఆ పాఠం సెలవుల ముందుకు నెట్టేస్తానని ఒప్పేసుకున్నాడు. పెంచలయ్య ఆయన్ను పక్కకు తీసుకుపోయి చింతపిక్కలు పోశాడు.

మన పరిధి కాదు

పరీక్ష ఇంకా కొన్ని వారాలు ఉందనగా సుభాషిణి ఫోను. ఏడుపు గొంతు. "మేడం, చెంగమ్మ రెండు రోజులుగా రాలేదు. గుంట దగ్గరికి పోయి చూశాను. గుడిసె ఖాళీ."

గుంటకు తెల్లమచ్చ రోగం తగిలింది. అది తగిలితే రొయ్యలు రోజుల్లో పోతాయి. యజమాని అయినకాడికి పట్టేసి అమ్ముకుని, గుంట ఎండగట్టేశాడు. శీనయ్య పెళ్ళాం పిల్లల్ని తీసుకుని తడ వైపు ఎక్కడో పని దొరికిందని పోయాడు. తడ అంటే మా జనానికి ఇంకో దేశం, ఆ పక్క ఊరు దాటితే తమిళమే.

సుబ్రహ్మణ్యం గారి దగ్గరికి పోయాను. "అది మన కాంప్లెక్స్ కాదమ్మా. మన మండలం గూడా కాదు. మన పరిధి కాదు" అన్నాడు. రొయ్యలకొచ్చే రోగానికి పరిధులు చెప్పి పంపించండి సార్ అని వచ్చేశాను.

మా యూనియన్ వాళ్ళు సభ్యత్వం రోజున తప్ప కనపడరని నా అభిప్రాయం. పెంచలయ్య వాళ్ళ వెంటబడి, పోలమ్మ పోతూ పక్క గుంట వాళ్ళకు చెప్పిన ఊరి పేరును బట్టి, అక్కడి బడి టీచరు నంబరు సంపాదించాడు. పేరు మురళి. అప్పటికప్పుడే చేశాను.

"నా దగ్గరికి గుంటల పిలకాయలు శానామంది వస్తారు మేడం" అన్నాడు విసుగ్గా. "వస్తారు, పోతారు. ఆ చెంగమ్మకి ఏమీ రాదు. అడిగితే నోరు తెరవదు. ముందు టీచర్లు ఏం చెప్పినారో ఏమో. మొదటి పాఠం నుంచి మొదలుపెట్టినా."

నా రక్తం ఎంత ఉడికిందో చెప్పలేను. "నాయనా, మొదటి పాఠం ఆ పిల్లే నీకు చెప్తుంది, నువ్వు కూర్చుని విను. కొత్త మనిషిని చూస్తే నోరు తెరవదు, అంతే. భాగహారం చేస్తుంది. పుస్తకంలో ఉన్నట్టే, పైన రాసి. భిన్నాలు సగం అయినాయి. ఆ మిగతా సగం నీది."

"ఆ పిల్ల మీ బళ్ళో గూడా లేదు గదా మేడం. మీకెందుకింత?"

"ముగ్గురం తలలు పగలగొట్టుకుని చెప్పినాం నాయనా. నువ్వు చెడగొట్టినావంటే ముగ్గురం బస్సెక్కి వస్తాం."

ఫోను పెట్టేశాడు. వారం రోజులు ఉలుకూ పలుకూ లేదు. నేను చేస్తే ఎత్తడు. అంతా అయిపోయిందనుకున్నాను. గట్టు మీద మేత గమేళా ఎత్తుకున్న ఆ పిల్లే కళ్ళ ముందు కనపడేది.

ఎనిమిదో రోజో, తొమ్మిదో రోజో, మురళే చేశాడు. మంచి కోపంలో ఉన్నాడు. "మేడం, ఆ పిల్లకి భిన్నాలు ఎవురు చెప్పినారు? పావు అంటే నాలుగు పిక్కల్లో ఒక పిక్క అంటాది. రొట్టె బొమ్మ గీసి పావు చూపించమంటే తెల్లమొహం వేస్తాది. ఇట్టాగేనా చెప్పేది? నాకు మూడు రోజులు పట్టింది సరిచేసేదానికి!"

అప్పుడు టీ కొట్లో ఉన్నాను, పెంచలయ్య పక్కనే ఉన్నాడు. ఫోను అతని చేతికిచ్చాను. రొట్టె గొప్పదా, పిక్క గొప్పదా అని ఇద్దరూ టీ చల్లారిపోయేదాకా అరుచుకున్నారు. నాకు ఎంత సంతోషంగా ఉందంటే, ఇంకో టీ చెప్పాను.

పరీక్ష రోజు మోటార్లు వదిలి రాలేనన్నాడట శీనయ్య. మురళే తల్లినీ పిల్లనూ బండెక్కించుకుని పోయి, పరీక్ష అయ్యేదాకా గేటు బయట ఎండలో నిలబడ్డాడు. "ఆదివారం నా నిద్ర చెడింది మేడం" అని మాత్రం నాతో చెప్పాడు.

సీటు

సీటు వచ్చింది.

సుబ్రహ్మణ్యం గారు చేసిన మొదటి ఫోను, "ఇంతకీ ఆ పిల్ల ఏ కాంప్లెక్స్ కిందికి వస్తుందమ్మా?" అని. మీ ఇష్టం సార్, బ్యానరు మాత్రం వద్దన్నాను.

చేర్పించే రోజు నలుగురం పోయాం. మురళిని అప్పుడే మొదటిసారి చూడటం. ఫోనులో గొంతును బట్టి ఆరడుగుల మనిషనుకున్నాను, నా భుజం దాకా ఉన్నాడు. శీనయ్య ఎవరికో గుంట అప్పజెప్పి వచ్చాడు. ఉతికిన చొక్కా వేసుకుని, కూతురి రేకు పెట్టె మోసుకుంటూ. గేటు దగ్గర వార్డెన్ పాపకు మేమేం అవుతామని అడిగింది. టీచర్లమన్నాం. "నలుగురా?" అంది. నలుగురమే అన్నాడు పెంచలయ్య.

పిల్లలు పడుకునే హాల్లో గోడ పొడుగునా అరలు. మిగతా ఆడపిల్లలు అప్పటికే బట్టలు, సబ్బుపెట్టెలు సర్దేసుకుంటున్నారు. చెంగమ్మ తన అర ముందు, మూసిన పెట్టె మీద కూర్చుంది. సుభాషిణి సర్దుకోమని రెండుసార్లు చెప్పింది. కదల్లేదు. పోలమ్మ మొహం వాడిపోయింది.

నేను పోయి పక్కన కూర్చున్నాను. "ఏమ్మే, నచ్చలేదా?"

"బాగుండాది మేడం."

"మరెందుకట్టా కూర్చున్నావు?"

మెల్లగా అడిగింది. "పంట అయిపోయినాక గూడా ఈడ్నే ఉండొచ్చా మేడం?"

ఆ పిల్లకు బడి అంటే ఒక పంట కాలం. అంతకు మించి ఎక్కడా ఉండి ఎరగదు. శీనయ్య తల తిప్పుకుని కిటికీలోంచి బయటికి చూశాడు. నాకు ఏడుపొచ్చింది, అంతమందిలోనే ఏడ్చాను.

"ఉండొచ్చు తల్లీ. ఈడ పంటలు లేవు. ఇంటరు అయ్యేదాకా నిన్ను ఎవురూ కదిలించరు."

నిజమేనా అన్నట్టు మా నలుగురి మొహాలూ వరసగా చూసింది. మురళి తలూపాడు. అప్పుడు లేచి, పెట్టె తెరిచి, గౌన్లు ఒక్కొక్కటే తీసి అరలో పెట్టుకోవడం మొదలుపెట్టింది.